మెట్రోకి ఇంకో మూడు కోచ్‌లు తగిలిస్తే సరిపోదా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. హైదరాబాద్ మెట్రోలో పొద్దున అమీర్‌పేటలో రాయదుర్గం వైపు ఎక్కాలంటే రైలు వచ్చేసరికే నిండిపోయి ఉంటుంది, ప్లాట్‌ఫాం మాత్రం ఆరు కోచ్‌లకు సరిపడా పొడవుంది, అందులో సగం ఎప్పుడూ ఖాళీ. అలాంటప్పుడు రెండు రైళ్లను కలిపి ఒకటిగా నడపొచ్చు కదా, లేదంటే ఇంకో మూడు కోచ్‌లు కొని మధ్యలో పెట్టొచ్చు కదా, అదీ కాకపోతే కోచ్‌నే ఇంకాస్త పొడుగ్గా చేయించొచ్చు కదా అన్నారు. చివర్లో విజయవాడ, విశాఖ మెట్రోల్లోనూ ఇదే గతి పడుతుందా అని అడిగారు. నేను చాలా ఏళ్లు మెట్రో రైళ్ల మెయింటెనెన్స్‌లో, ఆ తర్వాత ఏ లైన్‌కి ఎన్ని రైళ్లు కావాలో లెక్కలు కట్టే పనిలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను, ఎందుకంటే దీనికి ఒక్క ముక్కలో చెప్పే జవాబు ఏదైనా సగం తప్పే అవుతుంది.

ప్రయాణికుడికి కనిపించేది రైలు పొడవు. ప్లానింగ్‌లో కూర్చున్నవాళ్లు చూసేది మాత్రం లైన్ మీద ఒకేసారి తిరుగుతున్న మొత్తం కోచ్‌లు ఎన్ని, ఒక్కో కోచ్ ఒక చుట్టు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుంది అనేవి. గంటకు ఎంతమందిని మోయగలం అనేది దాదాపుగా ఈ రెండు అంకెల మీదే ఆధారపడి ఉంటుంది. కోచ్‌లను మూడు మూడు చొప్పున కట్టారా, ఆరు ఆరు చొప్పున కట్టారా అన్నది ఆ తర్వాతి విషయం.

హైదరాబాద్‌లో మూడు లైన్లకూ కలిపి ఉన్నవి 57 రైళ్లు, ఒక్కోదానికి 3 కోచ్‌లు, మొత్తం 171. కొరియా కంపెనీ హ్యుందాయ్ రోటెమ్‌కి 2012లో ఆర్డర్ ఇచ్చారు, విలువ సుమారు 1,800 కోట్ల రూపాయలు. ఒక రైలు బాగా నిండితే దాదాపు వెయ్యి మంది పడతారు. ఇప్పుడు బ్లూ లైన్ తీసుకోండి. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా 27 కిలోమీటర్ల పైచిలుకు, 23 స్టేషన్లు. లెక్క తేలిగ్గా ఉండటానికి ఒకవైపు ప్రయాణం 50 నిమిషాలు అనుకుందాం, రెండు చివర్లా రైలు దిశ మార్చుకోవడానికి చెరో 4 నిమిషాలు. అంటే బయల్దేరిన రైలు చుట్టు తిరిగి మళ్లీ అదే ప్లాట్‌ఫాం నుంచి బయల్దేరడానికి 108 నిమిషాలు. నాలుగున్నర నిమిషాలకో రైలు నడపాలంటే 108ని 4.5తో భాగిస్తే 24 రైళ్లు కావాలి. (ఇది ఇప్పటి టైంటేబుల్ కాదు, లెక్క ఎలా నడుస్తుందో చూపించడానికి నేను తీసుకున్న అంకెలు.) గంటకు పదమూడు చిల్లర రైళ్లు, అంటే ఒక దిశలో 13,300 మంది.

ఇప్పుడు మీరు చెప్పినట్టు ఆ 24 రైళ్లనూ రెండేసి చొప్పున కలిపేద్దాం. 12 రైళ్లు అవుతాయి, ఒక్కోదాంట్లో రెండు వేల మంది. కానీ 108 నిమిషాల చుట్టుకి 12 రైళ్లే ఉన్నాయి కాబట్టి రైలుకీ రైలుకీ మధ్య 9 నిమిషాలు. గంటకు ఆరు రైళ్లు దాటి ఏడుకి కాస్త తక్కువ, రెండు వేలతో గుణించండి, మళ్లీ అదే 13,300. ఒక్క మనిషి కూడా అదనంగా ఎక్కలేదు, పైగా అందరూ రెట్టింపు సేపు నిలబడ్డారు. ఆ 9 నిమిషాల్లో అమీర్‌పేట ప్లాట్‌ఫాం మీద పోగయ్యే జనాన్ని ఊహించుకోండి. అక్కడ రెడ్ లైన్ (మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ వెళ్లేది) నుంచి దిగినవాళ్లు మెట్ల మీద కూడా నిలబడాల్సి వస్తుంది. అందుకే ఉన్న రైళ్లను కలపడం అనే ఆలోచన పొడుగు ప్లాట్‌ఫాం చూసినప్పుడు ఎంత బాగా అనిపించినా, కొత్త కోచ్‌లు రాకుండా దానివల్ల ఒరిగేదేమీ లేదు.

57 రైళ్లూ రోజూ రోడ్డెక్కవన్నది కూడా గుర్తుపెట్టుకోండి. ఏ మెట్రో అయినా పదిలో ఒకటికి కాస్త అటూ ఇటూగా రైళ్లను డిపోలో ఉంచుకోవాల్సిందే. కొన్ని తనిఖీలో ఉంటాయి, ఒకటి అరిగిన చక్రాలను మళ్లీ సరిగ్గా చెక్కే లేత్ మీద ఉంటుంది, ఒకటో రెండో ఏదైనా రైలు దారిలో మొరాయిస్తే వెంటనే పంపడానికి సిద్ధంగా ఉంటాయి. ఇక కొన్నేళ్లకోసారి వచ్చే పెద్ద ఓవర్‌హాల్ ఉంది, చక్రాల బోగీలు (అంటే కోచ్ కింద చక్రాలు బిగించి ఉండే చట్రాలు) విప్పి, మోటార్లు దించి, బ్రేకులూ తలుపుల మెకానిజమూ అన్నీ కొత్తగా బిగించే పని. అది మొదలైతే ఒక్కో రైలూ వారాల తరబడి బయటికి రాదు. ఒకే విడతలో కొన్న రైళ్లన్నిటికీ ఆ వయసు దాదాపు ఒకేసారి వస్తుంది, సరిగ్గా లైన్ బాగా అలవాటై జనం పెరిగిన సంవత్సరాల్లోనే వస్తుంది. స్పేర్ ఎన్ని ఉండాలో మొదటి రోజు లెక్క వేసేటప్పుడే ఈ కాలం కూడా చూసుకోవాలి. ఖర్చు తగ్గించాలనే ఒత్తిడిలో చాలాచోట్ల ముందు కోసేది ఇదే, నాకు బాగా బాధ కలిగించేదీ ఇదే, ఎందుకంటే దాని ఫలితం కనపడేసరికి సంతకం పెట్టినవాళ్లు ఎవరూ ఆ కుర్చీలో ఉండరు.

సరే, కొత్త కోచ్ కూడా కొనకుండా చేయగలిగింది ఏమీ లేదా అంటే ఉంది. పై లెక్కలో 108 నిమిషాలు అన్నాం కదా, దాన్ని తగ్గించాలి. చివరి స్టేషన్లో తిరిగే టైమూ, మధ్యలో తలుపుల దగ్గర పోయే సెకన్లూ కలిపి నాలుగున్నర నిమిషాలు మిగిలిస్తే, అదే 4.5 నిమిషాల వ్యవధికి 24 బదులు 23 రైళ్లు చాలు, అంటే ఒక రైలు ఉచితంగా వచ్చినట్టే. 23 స్టేషన్లలో, రానూ పోనూ, ఒక్కోచోట 5 సెకన్లు తగ్గినా దాదాపు అంత వస్తుంది. తలుపు మూసుకుంటుంటే కాలు అడ్డం పెట్టి ఎక్కేవాళ్లు ఆ ఒక్క రైలునే కాదు, వెనక వచ్చే అన్ని రైళ్లనూ ఆపుతున్నారని నేను ఎప్పుడూ చెప్పేది ఇందుకే.

చివర తిరిగే చోటు ఎంత ముఖ్యమో హైదరాబాద్‌లోనే చూశాం. 2019 మార్చిలో హైటెక్ సిటీ దాకా లైన్ తెరిచినప్పుడు ఆ చివర రైలు దిశ మార్చుకునే ట్రాక్ ఇంకా సిద్ధం కాలేదు. అందుకని జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటాక ఒక రైలు అదే ట్రాక్ మీద వెళ్లి అదే ట్రాక్ మీద వెనక్కి రావాల్సి వచ్చింది, ఎన్ని రైళ్లు చేతిలో ఉన్నా ఆ ముక్కలో వాటిని దగ్గర దగ్గరగా పంపే దారే లేదు. ఆ తిరిగే ట్రాక్ వచ్చాకే వ్యవధి తగ్గింది, ఆ ఏడాది నవంబర్‌లో రాయదుర్గం తెరిచారు. కోచ్‌ల సంఖ్య గురించి గొడవపడే ముందు లైన్ చివర్న ఏముందో చూడాలి అనేది అక్కడి పాఠం.

ఇంకో పని, రద్దీ ఉన్న ముక్కలోనే కొన్ని రైళ్లను తిప్పడం, షార్ట్ లూప్ అంటాం. అమీర్‌పేట నుంచి రాయదుర్గం దాకా పదకొండు కిలోమీటర్ల పైచిలుకు. అక్కడే తిరిగే రైలు చుట్టు 50 నిమిషాల్లో ముగుస్తుంది, అంటే పూర్తి లైన్ మీద ఒక ట్రిప్ వేసే టైంలో ఇక్కడ రెండు వేస్తుంది. హైదరాబాద్‌లో పీక్ అవర్‌లో ఈ పద్ధతి వాడారు కూడా. అయితే అమీర్‌పేట లాంటి రద్దీ స్టేషన్లో రైలు ఖాళీ చేసి, క్రాసోవర్ మీద అవతలి ట్రాక్‌కి మార్చి, వెనక వచ్చే నాగోల్ రైలుకి అడ్డం రాకుండా పంపడం కంట్రోల్ రూంలో కూర్చున్నవాళ్లకి చాలా టెన్షన్. ఒక్క రైలు రెండు నిమిషాలు ఆలస్యమైతే అది రెండు వైపులా పాకుతుంది. అందుకే లూప్ రైళ్లను ఇష్టమొచ్చినన్ని పెంచలేం.

ఇక అసలు విషయం, కొత్త కోచ్‌లు కొనడం. ఎలాగూ కొనాలి, అందులో నాకు రెండో ఆలోచన లేదు. అయితే మొదట రైళ్ల మధ్య వ్యవధి తగ్గించాలా, లేక పొడవు పెంచాలా? వ్యవధి మూడు నిమిషాలకు పైన ఉన్నంతకాలం అదే 3 కోచ్‌ల రైళ్లను ఇంకా ఎక్కువ నడపడం ప్రయాణికుడికి మంచిది, ఎందుకంటే సీటూ దొరుకుతుంది, నిరీక్షణా తగ్గుతుంది. సిగ్నలింగ్ సిస్టం కాగితం మీద 90 సెకన్లకో రైలు అని చెప్తుంది, కానీ రద్దీ స్టేషన్లో తలుపులు తెరిచి మూయడానికే 40 సెకన్లు దాటిపోతుంటే, చివర తిరగడానికి ఇంకొంత కావాలంటే, రోజూ నిలకడగా నడపగలిగేది రెండు, రెండున్నర నిమిషాల దగ్గర ఆగిపోతుంది. అక్కడికి చేరాక ఇంక పొడవు పెంచడం తప్ప దారి లేదు. 3 కోచ్‌లతో రెండున్నర నిమిషాలకో రైలు అంటే గంటకు 24,000 మంది, అదే ఆరు కోచ్‌లైతే 48,000. ప్లాట్‌ఫాం ఆరు కోచ్‌లకు కట్టడం వెనక ఉన్న ఆలోచన ఇదే, అది చాలా సరైన ఆలోచన. ఖాళీగా కనిపిస్తున్న ఆ సగం వృథా కాదండీ.

మూడు కోచ్‌ల రైలుని ఆరుకి పెంచడానికి రెండు దారులు. ఒకటి, రెండు రైళ్లను ముక్కూ ముక్కూ ఆనించి జోడించడం. చాలా మెట్రో రైళ్లకు చివర్న ఉండే కప్లర్ (రైళ్లను జోడించే కొక్కెం) పాడైన రైలుని తోసుకెళ్లడానికి మాత్రమే పనికొస్తుంది, రెండు రైళ్ల కంప్యూటర్లూ బ్రేకులూ తలుపులూ ఒకే డ్రైవర్ చేతికి వచ్చే విద్యుత్ కనెక్షన్లు అందులో ఉండవు. ఉన్నా మధ్యలో రెండు డ్రైవర్ క్యాబిన్లు నిరుపయోగంగా ఇరుక్కుంటాయి, ప్రయాణికులు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వెళ్లలేరు, మొదటి మూడు కోచ్‌లు కిక్కిరిసి వెనక మూడు సగం ఖాళీగా పోతుంటాయి. రెండో దారి, మధ్యలో క్యాబిన్ లేని కోచ్‌లు చొప్పించడం. ఇది సరైన పద్ధతి, కానీ కష్టమైనది కూడా. కొత్తగా వచ్చే మూడింట్లో మోటార్ ఉన్న కోచ్‌లు ఎన్ని, లేనివి ఎన్ని అన్నది చాలా జాగ్రత్తగా చూడాలి. తక్కువ ఖర్చు అని మోటార్లు లేని కోచ్‌లే తగిలిస్తే రైలు బరువెక్కి మెల్లగా వేగం అందుకుంటుంది, చుట్టు తిరిగే టైం పెరుగుతుంది, కోచ్‌లు కొని సంపాదించిన దాంట్లో కొంత అక్కడే పోతుంది. పైగా పాత రైలు కంట్రోల్ సాఫ్ట్‌వేర్ రాసిన కంపెనీ సహకరిస్తేనే పని అవుతుంది. పదేళ్ల కిందటి డిజైన్‌కి ఇంకో కంపెనీ కోచ్ తెచ్చి పెట్టడం కుదరదు, పాత కంపెనీకేమో కొద్ది కోచ్‌ల కోసం పాత తయారీ లైన్ మళ్లీ తెరవడం గిట్టుబాటు కాదు. అందుకే మొదటి కాంట్రాక్ట్‌లోనే, ఇన్నేళ్లలోపు ఇన్ని అదనపు కోచ్‌లు ఇంత లెక్క ప్రకారం ఇవ్వాలి అనే షరతు రాయించుకోవాలి. ఆ ఒక్క పేరాకి ఉన్న విలువ చాలామందికి తెలియదు.

బెంగళూరు ఈ రెండో దారిలోనే వెళ్లింది. 2011లో 3 కోచ్‌ల రైళ్లతో మొదలుపెట్టి, తర్వాత కోచ్‌లు తయారుచేసే బీఈఎంఎల్ కంపెనీకి 150 మధ్య కోచ్‌లకు ఆర్డర్ ఇచ్చి, ఉన్న 50 రైళ్లనూ ఆరుకి పెంచారు. మొదటి ఆరు కోచ్‌ల రైలు 2018 జూన్‌లో నడిచింది. అన్నీ మారేలోపు అదే లైన్ మీద మూడు కోచ్‌లవీ, ఆరు కోచ్‌లవీ కలిసి నడిచాయి, ఏది వస్తుందో తెలియక జనం ప్లాట్‌ఫాం మీద అటూ ఇటూ పరిగెత్తడం ఆ రోజుల్లో మామూలే. ఢిల్లీ ఇంకా ముందు చేసింది. 2002 డిసెంబర్‌లో నాలుగు కోచ్‌లతో మొదలైన మెట్రోలో ఇప్పుడు ఎల్లో, బ్లూ లైన్లలో ఎనిమిది కోచ్‌లు నడుస్తున్నాయి. తొలి దశలోనే ఎనిమిదికి సరిపడా ప్లాట్‌ఫాం కట్టారు కాబట్టి అది సాధ్యమైంది. ఆ నిర్ణయం తీసుకున్న రోజున అంత పొడవు అనవసరం అన్నవాళ్లు ఉండే ఉంటారు.

దీనికి పూర్తి వ్యతిరేకం కెనడాలోని వాంకూవర్‌లో చూడొచ్చు. 2009 ఆగస్టులో తెరిచిన కెనడా లైన్‌లో ప్లాట్‌ఫాంలు 40 మీటర్లు, మహా అయితే 50కి పెంచుకోవచ్చు. అదే ఊళ్లో పాత ఎక్స్‌పో లైన్‌కి 80 మీటర్లు ఉన్నాయి. కెనడా లైన్‌లో కూడా రైళ్లు హ్యుందాయ్ రోటెమ్‌వే, రెండేసి కోచ్‌లు. రోజుకు లక్ష మంది వస్తారని 2013కి అంచనా వేశారు, జనం అంతకంటే ముందే వచ్చేశారు. ఇప్పుడు వాళ్లకున్న అవకాశం ఒక్కటే, రైళ్ల మధ్య వ్యవధి తగ్గించుకుంటూ పోవడం, ఆ తర్వాత మధ్యలో ఒక పొట్టి కోచ్ ఇరికించడం. భూగర్భ స్టేషన్లను మళ్లీ తవ్వి పొడిగించడం ఎంత ఖర్చో, ఎన్ని ఏళ్లు ఆ రోడ్డు మూయాలో ఆలోచించండి. లండన్‌లో డాక్‌లాండ్స్ లైట్ రైల్వే 1987లో ఒక్కో బండితో మొదలై తర్వాత మూడు బళ్ల రైళ్లకు ఎదిగింది, స్టేషన్లు ఒక్కొక్కటే పొడిగించుకుంటూ వచ్చారు, కానీ భూమి లోపల ఉన్న కట్టీ సార్క్ స్టేషన్‌ని మాత్రం పొడిగించలేక అక్కడ చివరి తలుపులు తెరవకుండా వదిలేశారు. అదే లండన్‌లో ఎలిజబెత్ లైన్‌లో అయితే తొమ్మిది కోచ్‌ల రైళ్లు తయారైనా, లివర్‌పూల్ స్ట్రీట్‌లో పైనున్న పాత ప్లాట్‌ఫాంలు చాలక కొన్నాళ్లు రెండు కోచ్‌లు తీసేసి ఏడుతో నడపాల్సి వచ్చింది. ఆ లైన్ మధ్య భాగంలో కొత్తగా కట్టిన స్టేషన్లను మాత్రం ముందు ముందు పదకొండు కోచ్‌లకు పెంచుకునే వీలుతో కట్టారు. రైలు కొనుక్కోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కాంక్రీటు అలా కాదు.

కోచ్‌నే పొడుగ్గా చేస్తే అన్నారు కదా, అది ఎందుకు కుదరదో చెప్పడం తేలిక. మెట్రో కోచ్ సాధారణంగా 20 నుంచి 22 మీటర్ల మధ్య ఉంటుంది, కింద రెండు చక్రాల బోగీలు, వాటి మధ్య దూరం 15 మీటర్ల దగ్గర. పట్టాలు వంపు తిరిగినా కోచ్ తిన్నని పెట్టె కాబట్టి వంగదు, దాని నడుము వంపు లోపలికి తోసుకొస్తుంది, రెండు చివర్లూ బయటికి పొడుచుకొస్తాయి. నడుము ఎంత జరుగుతుందంటే, బోగీల మధ్య దూరాన్ని దానితోనే గుణించి, వంపు వ్యాసార్థానికి ఎనిమిది రెట్లతో భాగించాలి. 120 మీటర్ల వ్యాసార్థం ఉన్న వంపులో 15 మీటర్ల దూరానికి 23 సెంటీమీటర్లు వస్తుంది. ఆ దూరాన్ని 18 మీటర్లకు పెంచి చూడండి, 34 సెంటీమీటర్లు. నగరాల్లో ఫ్లైఓవర్ల పక్కనుంచీ భవనాల మధ్యనుంచీ వెళ్లే లైన్‌లో ఆ పది సెంటీమీటర్ల పైచిలుకు అంటే వంపు దగ్గర స్తంభాలూ, గోడలూ, పక్క ట్రాక్ అన్నీ దూరం జరగాలి, వంపులో ఉన్న ప్లాట్‌ఫాం అయితే అంచుకీ తలుపుకీ మధ్య కాలు ఇరుక్కునేంత సందు వస్తుంది. ఇంకా ఒక్కో చక్రం మీద బరువు పెరుగుతుంది, వయాడక్ట్ (పట్టాలను మోసే వంతెన) ఆ బరువుకి కట్టి ఉండాలి. పైగా పొడవు పెంచి తలుపులు అవే నాలుగు ఉంచితే దిగేవాళ్లకి టైం ఎక్కువ పడుతుంది, అది మళ్లీ మన 108 నిమిషాల్లోకే వచ్చి చేరుతుంది.

కోచ్ కొలతల్లో నిజంగా లాభం ఇచ్చేది వెడల్పు. మన దేశంలో కొన్ని మెట్రోలు 2.9 మీటర్ల వెడల్పు కోచ్‌లు, కొన్ని 3.2 మీటర్లవి వాడుతున్నాయి. హైదరాబాద్‌వి 2.9. తేడా 30 సెంటీమీటర్లే అనిపిస్తుంది, కానీ 21 మీటర్ల పొడవుకి అది ఆరు చదరపు మీటర్ల పైచిలుకు, చదరపు మీటరుకి ఆరుగురు నిలబడతారనుకుంటే ఒక్కో కోచ్‌లో దాదాపు 38 మంది అదనం. డ్రైవర్ పెరగడు, స్టేషన్ పొడవు పెరగదు. అయితే వెడల్పు కూడా మొదటి రోజే తేలిపోతుంది, ప్లాట్‌ఫాం అంచు ఎక్కడ పోశారో అక్కడితో ఆగిపోతుంది. హైదరాబాద్ మొదటి దశకి ఇక ఆ అవకాశం లేదు, కొత్తగా వేసే లైన్లకు ఉంది.

కోచ్‌లు వచ్చినంత మాత్రాన రేపటి నుంచి నడిచిపోవు. డిపోలో తనిఖీ చేసే గుంత ఉన్న లైన్లు ఆరు కోచ్‌ల పొడవు ఉండాలి, రాత్రి రైళ్లు పెట్టుకునే లైన్లు చాలాలి. హైదరాబాద్‌లో ఉన్నవి రెండే డిపోలు, మియాపూర్, ఉప్పల్. చివరి స్టేషన్ దాటాక రైలు నిలిచే తోక ట్రాక్ పొడవు సరిపోవాలి. ఒకేసారి ఎక్కువ మోటార్లు వేగం అందుకుంటే సబ్‌స్టేషన్లు తట్టుకోవాలి. సిగ్నలింగ్ సాఫ్ట్‌వేర్‌కి రైలు పొడవు మారిందని ప్రతి చోటా తెలియాలి, లేకపోతే రైలు తోక ఇంకా క్రాసోవర్ మీద ఉండగానే అది దాటిపోయిందనుకుంటుంది, ఇంతకంటే ప్రమాదం ఇంకోటి లేదు. అందుకే కొత్త కూర్పుతో ఆర్‌డీఎస్‌ఓ (రైల్వేల పరిశోధన, ప్రమాణాల సంస్థ) పరీక్షలు, ఆ తర్వాత మెట్రో రైల్ సేఫ్టీ కమిషనర్ అనుమతి లేకుండా ప్రయాణికుల్ని ఎక్కించరు. ఇవన్నీ కలిపి ఆర్డర్ ఇచ్చిన రోజు నుంచి మొదటి రైలు జనం ఎక్కే దాకా రెండేళ్లకు తక్కువ పట్టడం నేను పెద్దగా చూడలేదు.

ఈ ఆలస్యమే రైళ్ల ప్లానింగ్‌లో అన్నిటికన్నా కష్టమైన భాగం. హైదరాబాద్‌కి మొదటి రైలు కొరియా నుంచి 2014లోనే వచ్చేసింది, లైన్ ప్రారంభమైంది 2017 నవంబర్ 28న. మూడేళ్లకు పైగా రైలు ముందు, లైన్ వెనక. బెంగళూరు ఎల్లో లైన్‌లో సరిగ్గా తలకిందులైంది. ఆర్.వి. రోడ్ నుంచి బొమ్మసంద్ర దాకా 19 కిలోమీటర్లు కట్టేసి కూర్చున్నారు, కోచ్‌ల కాంట్రాక్ట్ 2019లోనే ఇచ్చినా తయారీ ఆలస్యమై, 2025 ఆగస్టులో మూడంటే మూడు రైళ్లతో, 25 నిమిషాలకోటి చొప్పున తెరవాల్సి వచ్చింది. రైళ్లు ముందే తెస్తే వాడకుండానే వారంటీ కరిగిపోతుంది, వడ్డీ పెరుగుతుంది. ఆలస్యంగా తెస్తే వేల కోట్ల లైన్ ఖాళీగా పడి ఉంటుంది.

హైదరాబాద్‌లో ఇప్పుడు ఏం చేయాలి అంటారా, ఇది నా అభిప్రాయం మాత్రమే. 2025లో, మెట్రోని కట్టి నడుపుతున్న ఎల్ అండ్ టీ కంపెనీ నుంచి రాష్ట్ర ప్రభుత్వమే దాన్ని తీసుకోవడానికి రెండు పక్షాలూ సూత్రప్రాయంగా ఒప్పందానికి వచ్చాయి. ఎవరి చేతిలో ఉన్నా ముందు చేయాల్సింది రైళ్ల ఆర్డర్. పాత రైళ్ల మధ్యలో కొత్త కోచ్‌లు చొప్పించడానికి తంటాలు పడేకన్నా, క్యాబిన్ నుంచి క్యాబిన్ దాకా పూర్తిగా కొత్త ఆరు కోచ్‌ల రైళ్లు కొని వాటిని ఒకే లైన్‌లో పెట్టడం, అక్కడి నుంచి విడుదలైన 3 కోచ్‌ల రైళ్లను మిగతా రెండు లైన్లలో వ్యవధి తగ్గించడానికి వాడటం మేలు. ఒక లైన్‌లో అన్ని రైళ్లూ ఒకే పొడవు ఉంటే ప్రయాణికుడికి ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది, డిపోకి విడిభాగాల తలనొప్పి తగ్గుతుంది, పాత కంపెనీ సాఫ్ట్‌వేర్ కోసం ఎదురుచూడక్కర్లేదు. ఏ లైన్‌కి ముందు అంటే నేను బ్లూ లైన్ అనే అంటాను, పొద్దున అంతా ఒకే వైపు పోయే జనం అక్కడే ఎక్కువ. దీన్ని కాదనే ఇంజనీర్లు ఉన్నారు, రెడ్ లైన్‌లో రోజంతా రద్దీ ఉంటుంది కాబట్టి పెట్టిన డబ్బుకి అక్కడే ఎక్కువ ఫలితం అంటారు, అందులో న్యాయం లేకపోలేదు.

2012లో ఈ రైళ్ల కోసం సముద్రం దాటాల్సి వచ్చింది. ఇప్పుడు తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఆల్‌స్టోమ్ ఫ్యాక్టరీ ఉంది, చెన్నై, కొచ్చి, లక్నో, ముంబై మూడో లైన్ రైళ్లు చాలావరకు అక్కడ తయారైనవే, ఆస్ట్రేలియాలో సిడ్నీ మెట్రో మొదటి లైన్‌కి నడిచే రైళ్లు కూడా అక్కడి నుంచే వెళ్లాయి. శంకర్‌పల్లి దగ్గర కొండకల్‌లో మేధా కంపెనీ రైలు కోచ్‌ల ఫ్యాక్టరీ 2023లో మొదలైంది. కాబట్టి తయారీ దూరం అనే సాకు ఇక లేదు. టైం పట్టేది డిజైన్‌కీ, పరీక్షలకీ, అన్నిటికన్నా ఎక్కువగా నిర్ణయం తీసుకోవడానికి.

విజయవాడ, విశాఖ విషయానికి వస్తే, మొదటి రోజు రెండు కోచ్‌లతో నడుపుతారా, మూడుతోనా అన్నదాని గురించి పేపర్లలో ఎంత రాసినా పట్టించుకోకండి, మూడు చాలు, కొన్నేళ్లు బాగానే నడుస్తాయి. మీకు ప్రాజెక్ట్ రిపోర్ట్ దొరికితే అందులో ప్లాట్‌ఫాం పొడవు ఎన్ని మీటర్లో చూడండి. 70 దగ్గర ఉంటే అది మూడు కోచ్‌లతో శాశ్వతంగా ఆగిపోయే లైన్, 135, 140 ఉంటే ఆరుకి వెళ్తుంది. పైకప్పు, ఎస్కలేటర్లు తర్వాత వేసుకోవచ్చు, కానీ కనీసం పిల్లర్లూ పునాదులూ ఆ పొడవుకి ఉండాలి, ఆ చోట ఎక్కువ వంపు ఉండకూడదు. తర్వాత డిపోకి ఎన్ని ఎకరాలు అడిగారో, చివరి స్టేషన్ దాటాక ట్రాక్ ఎంత దూరం వేస్తున్నారో చూడండి. ఈ మూడింట్లో ఏది తగ్గించినా అభ్యంతరాలు తీసుకునే సమయంలోనే రాతపూర్వకంగా అడగండి, టెండర్ ఖరారయ్యాక ఎవరు అడిగినా మారవు. అంకెలు దొరికితే ఇక్కడ పెట్టండి, పైన బ్లూ లైన్‌కి వేసిన లెక్క వాటికి కూడా వేసి చెప్తాను.